పగ్గం ఎవరి చేతుల ఉండె?

మొన్న బుధవారం పొద్దుగూకినంక మా కోడలు స్కూలు డైరీ పట్టుకొని నా మంచం దగ్గరికి వచ్చింది. మొహం చిన్నబోయి ఉంది. ‘మామా, గీ మాటకు అర్థమేంది? మంచి మాటనా, చెడ్డ మాటనా?’ అని వేలు పెట్టి చూపించింది. నాలుగో తరగతి చదివే నా మనవడి డైరీలో ఎర్రసిరాతో ఒక్కటే వాక్యం. వీడు అన్‌రూలీ, తల్లిదండ్రులు గమనించగలరు అని దాని సారాంశం. ఏ రోజు, ఏ పీరియడ్‌లో, ఏం చేశాడు, ఎవరిని కొట్టాడు, ఏం పగలగొట్టాడు, ఏమీ లేదు. ఒక విశేషణం, కింద ఒక సంతకం. పిల్లవాడు తలుపు వెనక నిలబడి మమ్మల్నే చూస్తున్నాడు.

ముప్పై నాలుగేళ్లు ఇంగ్లీషు చెప్పిన వాణ్ణి. ఆ మాటకు అర్థం చెప్పడానికి నాకు నిఘంటువు అక్కర్లేదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను బడిపిల్లలకు చెప్పిన మాటే తిరిగి నా ఇంటి గడపలోకి వచ్చి నా మనవడి మీద ముద్రలా పడింది. ఆ మాటను వాడే పద్ధతి అది కాదు. మా రోజుల్లో అట్లా వాడేవాళ్లం కాదు. ఇది ముసలివాడి చాదస్తం అనుకునేవాళ్లు అనుకోనీ, నేను చెప్పదలచుకున్నది చెబుతాను.

నాకు ఈ మాట నేర్పింది మా ఇంగ్లీషు సారు. అరవయ్యో దశకం మొదట్లో. మా రఘునాథపల్లి అంటే అప్పటికి రైలు స్టేషను, నాలుగు దుకాణాలు, చుట్టూ జొన్నచేన్లు. కాజీపేట నుంచి సికింద్రాబాదు పోయే ప్యాసింజరు వచ్చిందంటే అదే మాకు గడియారం. సారు సైకిలు మీద వచ్చేవాడు, ధోవతి కట్టేవాడు, చంకలో రూళ్లకర్ర ఉండేది. ఒకనాడు పాఠంలో ఈ మాట తగిలింది. ‘అదుపులో లేని’ అని అర్థం రాయించి ముందుకు పోవచ్చు. ఆయన పోలేదు. చేతిలోని రూళ్లకర్ర ఎత్తి చూపించాడు. ‘దీన్ని ఏమంటర్రా?’ అన్నాడు. ‘రూళ్లకర్ర సార్’ అన్నాం. ‘ఈ మాట కడుపులో ఉన్నది గిదే’ అన్నాడు.

ఆయన చెప్పింది ఇది. లాటిన్‌లో రెగ్యులా అంటే గీత తిన్నగా రావడానికి పెట్టుకునే కొలబద్ద. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి రూల్ అయింది. గీత గీసే కర్ర మెల్లగా కట్టడి అయింది, కట్టడి పెట్టేవాడి ఏలుబడి అయింది. మన నోటుబుక్కుల్లోని రూళ్లు, ఆఫీసుల్లోని రూళ్లు, దొరతనం అన్నీ ఒకే కర్రకు పుట్టినవి. ఆ కర్రకు లొంగనిది అన్‌రూలీ. ఇంగ్లీషులో ఇది సుమారు 600 ఏళ్ల నాటి మాట. ఒకప్పుడు దీనికి ఎదురుమాట రూలీ కూడా ఉండేదట, బుద్ధిగా నడుచుకునేవాడు అని. అది వాడుకలోంచి పోయింది, లొంగనివాణ్ణి తిట్టే మాట మిగిలింది.

తర్వాత ఆయన అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ‘పులి అన్‌రూలీయా?’ మేం అందరం ఔనన్నాం. ‘కాదు. పులికి ముకుతాడు ఎవడేసిండు? ఎన్నడూ అదుపుల లేనిది అదుపు తప్పుడేంది? కాడి కట్టిన ఎద్దు, ముకుతాడున్న ఎద్దు, పగ్గం పట్టినోని మాట ఇనకుంటే గది అన్‌రూలీ.’

అరవై ఏళ్లు దాటినా ఇంతకంటే మంచి వివరణ నేను చూడలేదు. ఈ మాట ప్రతి అదుపులేని దానికీ చెల్లదు. పెనుగాలి అన్‌రూలీ కాదు. సముద్రం కాదు. పట్టరాని ధరలకు ఈ మాట వాడరు. ఊరంతా పాకిన లంచగొండితనానికి ర్యాంపెంట్ అనే వేరే మాట ఉంది. ఎత్తడానికి వీల్లేని పెద్ద బరువుకు అన్‌వీల్డీ అంటారు. ఎంత చెప్పినా దిద్దుకోనివాడు ఇన్‌కారిజిబుల్. ఎంత పెనుగులాడినా తెగని చిక్కు ఇంట్రాక్టబుల్. అన్‌రూలీ అనాలంటే ముందు ఒక కట్టడి ఉండాలి, దాన్ని పట్టుకున్న చెయ్యి ఉండాలి. పిల్లవాడు, గుంపు, తరగతి, దువ్వెనకు లొంగని జుట్టు, కాడికింద ఎద్దు, వీటికే అది అతుకుతుంది. అంటే ఈ మాట నోటితో అన్నవాడు తనకు తెలియకుండానే ఇంకో సంగతి కూడా ఒప్పుకుంటున్నాడు, పగ్గం తన చేతిలో ఉండాల్సిందని.

మరి పగ్గం జారితే ఎద్దునే అడగాలా?

మా రోజుల్లో ఊరికి బందెలదొడ్డి ఉండేది. ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. చుట్టూ గోడ, ఒక దర్వాజ. పరాయి చేన్లో పడ్డ పశువును తోలుకుపోయి దాంట్లో పెట్టేవాళ్లు. ఆసామి వచ్చి దండుగ కట్టి విడిపించుకోవాలి. దండుగ బర్రెకు కాదు, ఆసామికి. బర్రె గడ్డి చూసింది, పోయింది, అది దాని గుణం. నీ తలుగు ఎందుకు తెగింది, నీ పిల్లగాడు మేపబోయి ఎక్కడ పడుకున్నాడు అని ఆసామిని నిలదీసేవాళ్లు. మళ్లీ మళ్లీ చేన్లో పడే పశువుకు మెడలో గుదిబండ కట్టేవాళ్లు. అది వేలాడుతూ ముందుకాళ్లకు తగిలి పరుగు తగ్గించేది. అంటే ఊరు ఒక పద్ధతి పెట్టుకుంది. పశువు దారి తప్పితే ముందు ఆసామికి దండుగ, తర్వాత గుదిబండ. ‘ఇది అదుపులేని బర్రె’ అని దాని కొమ్ములకు చీటీ కట్టి ఊరుకున్నవాణ్ణి నేను చూడలేదు.

బ్రిటిషు ఇండియాలో ఈ బందెలదొడ్లకు చట్టం 1871లో వచ్చింది. పశువుల అతిక్రమణ చట్టం అని దాని పేరు. దండుగ పశువు యజమానిదే అని అందులోనూ అదే న్యాయం. అదే 1871లో ఇంకో చట్టం తెచ్చారు, నేరస్థ తెగల చట్టం. అందులో కొన్ని కులాలకు కులాలనే పుట్టుకతోనే నేరస్థులని పేరు పెట్టి, పట్టీల్లో పేర్లు ఎక్కించి హాజరు వేయించారు. 1911లో దాన్ని మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అట్లా వెలసిన సెటిల్‌మెంటే. స్వతంత్రం వచ్చాక, 1952లో గాని ఆ చట్టం పోలేదు. ఒకే ఏడాదిలో అదే దొరతనం గొడ్డు తప్పిపోతే మనిషిని అడిగింది, మనిషి తప్పిపోతే వాడి పుట్టుకను అడిగింది. ఈ రెండు చట్టాల సంగతి చదివిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూసుకొని కూర్చున్నాను.

మన భాష ఈ విషయంలో ఎంత న్యాయంగా నడిచిందో చూడండి. అదుపు తప్పినదానికి మన దగ్గర ఒక్క మాట లేదు, పది ఉన్నాయి. ఒక్కొక్కటి ఏ కట్టు జారిపోయిందో పేరు పెట్టి చెబుతుంది. పట్టపగ్గాల్లేని అంటాం, ఎద్దు పగ్గం పోయింది. కళ్లెం లేని అంటాం, గుర్రం నోటి ఇనుము పోయింది. కోపం కట్టలు తెంచుకుంది అంటాం, చెరువు కట్ట పోయింది. ఉచ్ఛృంఖలం అంటాం, సంకెల పోయింది. హద్దూ పద్దూ లేదు అంటాం, పొలం గట్టూ పోయింది, లెక్క పుస్తకమూ పోయింది. అచ్చోసిన ఆంబోతు అంటాం. దేవుడి పేర కోడెకు ముద్ర వేసి ఊరిమీదికి వదిలిన ఆచారం అందులో ఉంది. అంటే దాన్ని వదిలింది మనుషులేనని ఆ తిట్టులోనే సాక్ష్యం ఉంది. ఇంగ్లీషు మాట ‘ఏలుబడికి లొంగనిది’ అని చెప్పి ఆగుతుంది. మన మాట ఏ తాడు తెగిందో చెబుతుంది, తెగిన తాడు పేరు తెలిస్తేనే కదా మళ్లీ పేనగలం.

నిరంకుశం అనే మాట ఇంకా గొప్పది. అంకుశం ఏనుగు కుంభస్థలం మీద మావటివాడు పెట్టే ఇనుపకొక్కెం. అంకుశం లేని ఏనుగు అని అసలు అర్థం. సంస్కృతంలో కవులను కూడా నిరంకుశులన్నారు, వ్యాకరణం వాళ్లను ఆపలేదని. కానీ తెలుగులో ఈ మాట ఎవరి మీద స్థిరపడింది? పిల్లల మీద కాదు, కూలీల మీద కాదు, గుంపు మీద కాదు. ఏలేవాడి మీద. నిజాం నిరంకుశ పాలన అని ప్రతి పుస్తకంలో చదివాం. అన్‌రూలీ అని ఇంగ్లీషువాడు కిందివాణ్ణి అన్నాడు, నిరంకుశుడు అని మనం పైవాణ్ణి అన్నాం. విచ్చలవిడితనం, ఇష్టారాజ్యం అన్న మాటలు కూడా ఎక్కువగా పైకే గురిపెడతాం. ఇష్టారాజ్యం అంటే చూడండి, రాజ్యం ఉండనే ఉంది, దాన్ని నడిపేది మాత్రం ఒకడి ఇష్టం. ముప్పై నాలుగేళ్లలో ఏ పాఠ్యపుస్తకమూ నాకు ఈ తేడా చెప్పలేదు. మా ఊరి మట్టి చెప్పింది.

మట్టి అన్నది ఊరికే అనలేదు. మా మండలంలోనే ఖిలాషాపూర్ ఉంది. ఊరి మధ్య రాతి బురుజుల కోట. కల్లుగీత కుటుంబంలో పుట్టిన సర్వాయి పాపన్న కోట అది. ఔరంగజేబు పోయిన మరుసటేడాది, 1708లో, పాపన్న తన దండుతో వరంగల్లు మీద పడ్డాడు. అంతటి వరంగల్లు కోట నగరం ఒక గీత కార్మికుడి చేతికి చిక్కింది. 1710లో మొగలు సైన్యం అతణ్ణి పట్టి చంపింది. ఇప్పుడు రాతలు చూడండి. ఆ కాలపు చరిత్ర రాసిన ఖాఫీఖాన్ దృష్టిలో పాపన్న బందిపోటు, రాజ్యానికి లొంగని దుండగుడు. అంటే మా సారు చెప్పిన అర్థంలో నిఖార్సైన అన్‌రూలీ. మా ఊళ్లలో కథలు చెప్పేవాళ్ల నోట అతడు వీరుడు. 1874లోనే బాయిల్ అనే దొర తెలుగు వీరగాథల మీద రాస్తూ పాపన్న పాటను అచ్చు వేయించాడు, అంటే చచ్చి నూట అరవై ఏళ్లు దాటాక కూడా జనం పాడుతూనే ఉన్నారన్నమాట. తర్వాత 1980లో రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు గార్లు ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి ఒక వ్యాసం రాశారు, దర్బారు కళ్లకు పాపన్న ఎట్లా కనిపించాడు, జనం కళ్లకు ఎట్లా కనిపించాడు అని. మా పక్క ఊరి మనిషి గురించి అంత దూరాన రాశారని తెలిసి నేను పొంగిపోయాను.

పాపన్న దోచుకోలేదని నేను అనను. దోచాడు. షావుకార్లను దోచాడు, దారులు కొట్టాడు. నేను అంటున్నది వేరు. ఆ ఒక్క విశేషణం అతని మీద వేసి వదిలేస్తే, ఆనాటి పన్నుల బరువు, మొగలు పాలన చివరి రోజుల కుమ్ములాట, ఒక కులంవాడు గుర్రం ఎక్కితే ఓర్చుకోలేనితనం, ఇవేవీ ఎవరూ అడగరు. ఆ మాట ప్రశ్నను అక్కడే పూడ్చిపెడుతుంది.

అటు పక్క పాలకుర్తి, కడవెండి. విసునూరు దేశ్‌ముఖు పెత్తనం కింద నలిగిన ఊళ్లు. చాకలి ఐలమ్మ తన చేను తనది అన్నది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు పడిపోయాడు. గడీలో కూర్చున్నవాడికి వీళ్లందరూ చెప్పిన మాట వినని జనమే. మా నాయిన తరం వాళ్లు ఆ రోజుల గురించి చెప్పేటప్పుడు ‘ఎదురు తిరిగిన్రు’ అనేవాళ్లు. ఎదురు తిరగడం అంటే ఎదురుగా ఇంకొకడు ఉన్నాడని. మా వాళ్ల మాటలో ఇద్దరూ కనబడతారు.

ఇప్పుడో? టీవీ పెట్టండి, పేపరు తీయండి, సంగతి ఎవరిదైనా మాట ఒకటే. పార్లమెంటులో గొడవ జరిగితే ఇంగ్లీషు పేపర్లకు అన్‌రూలీ దృశ్యాలు. 2014 ఫిబ్రవరి 13న మన తెలంగాణ బిల్లు లోక్‌సభకు వచ్చిన నాడు మిరియాల స్ప్రే కొట్టింది చదువుకున్న సభ్యుడే, అటూ ఇటూ దగ్గుతూ బయటికి పరుగెత్తింది చట్టాలు చేసేవాళ్లే. విమానాల్లోనూ ఇదే మాట. కాకపోతే అక్కడ మాత్రం మర్యాదగా వాడారని ఒప్పుకోవాలి. 2017లో మన పౌర విమానయాన శాఖ పెట్టిన నియమాల్లో అన్‌రూలీ ప్రయాణికుడు అంటే ఏమిటో మూడు మెట్లుగా విడగొట్టారు. నోటిదురుసుకు 3 నెలల దాకా విమానం ఎక్కనివ్వరు. చెయ్యి చేసుకుంటే 6 నెలల దాకా. ప్రాణం మీదికి తెస్తే 2 ఏళ్లు, ఆ పైన ఎంతైనా. ఏం చేశాడో తేల్చాలి, కమిటీ వినాలి, ఆ తర్వాతే పేరు పట్టీకెక్కాలి. తాగి విమానంలో తన్నుకున్న పెద్దమనిషికి దొరికే ఈ విచారణ నాలుగో తరగతి పిల్లవాడికి దొరకదా?

జుట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. అన్‌రూలీ హెయిర్ అని భయపెట్టి సీసాలు అమ్ముతున్నారు. మా అమ్మ ఆదివారం నాడు ఇంత ఆముదం మాడుకు పట్టించి, కుంకుడుకాయ పులుసుతో రుద్ది, మా అక్కలకు రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టేది. రేగిన జుట్టు అనేది, చింపిరి జుట్టు అనేది. జబ్బు అనలేదు.

ఇంకో మాట గురించి నాకు గట్టి బాధ ఉంది. ఇంగ్లీషు బైబిలు 1611 నాటి అనువాదంలో, యాకోబు రాసిన పత్రికలో, నాలుకను గురించి ఈ అన్‌రూలీ అన్న మాటే వాడారు. మన తెలుగు బైబిలు చేసిన పండితులు అక్కడ నిరర్గళమైన అని పెట్టారు. అర్గళం అంటే తలుపుకు అడ్డంగా వేసే గడియ, గడియ లేని నోరు అని. ఎంత ఆలోచించి పెట్టారో! మా ఊరి చర్చిలో పెద్దలు ఆ అధ్యాయం చదువుతుంటే నేను ఆ మాట కోసమే చెవి ఒగ్గేవాణ్ణి. ఇవాళ జనగామ బస్టాండులో, హనుమకొండ చౌరస్తాలో ప్రతి గోడ మీదా ‘30 రోజుల్లో నిరర్గళంగా ఇంగ్లీషు’ అని పోస్టర్లు. గడియ లేని నోరు ఒకనాడు భయపడాల్సిన సంగతి, ఇప్పుడది ఫీజు కట్టి నేర్చుకునే విద్య. ధారాళంగా అనే మాట ఉంది, గలగల ఉంది. మాటలకు అర్థాలు మారతాయి, నాకు తెలుసు. మారితే మారనీ. కానీ మారిందని ఒక్కడికైనా తెలియాలి కదా. చెప్పే పంతుళ్లకే తెలియకపోతే ఎట్లా?

వ్యాకరణం చెప్పకుండా వదిలితే నా ప్రాణం ఒప్పదు. ఈ మాట చివర లీ ఉంది కాబట్టి క్రియా విశేషణం అనుకొని ‘హి బిహేవ్డ్ అన్‌రూలీ’ అని రాస్తున్నారు. తప్పు. ఇది విశేషణం, ఫ్రెండ్లీ లాగా, లోన్లీ లాగా. ‘ఇన్ యాన్ అన్‌రూలీ మ్యానర్’ అనాలి. తులన చెప్పాలంటే అన్‌రూలియర్, అన్‌రూలియెస్ట్. నామవాచకం అన్‌రూలీనెస్. మా రోజుల్లో ఇది ఎనిమిదో తరగతి పిల్లవాడికి వచ్చేది. పలక మీద పదిసార్లు రాయించేవాళ్లం.

మా రోజులన్నీ బంగారమని నేను చెప్పను. గోడకుర్చీ వేయించేవాళ్లు, తొడపాశం పెట్టేవాళ్లు, కోదండం తీయించిన బడి గురించి మా నాయిన చెప్పేవాడు. మా సారు రూళ్లకర్ర గీతలకే కాదు, మా వేళ్ల కణుపుల మీదికి కూడా వచ్చేది. నేను కూడా నా మొదటి ఏళ్లలో కొట్టాను. ఒక పిల్లవాడు నాలుగు రోజులు బడికి రాకపోతే వాళ్ల ఇంటికి పోయి చూశాను, జ్వరంతో ఉన్నాడు. నేను కొట్టినందుకు కాదు అన్నది వాళ్లమ్మ. అయినా ఆ కర్ర మళ్లీ ముట్టలేదు. 2009 విద్యాహక్కు చట్టం బడిలో కొట్టడాన్ని, మనసు గాయపరచడాన్ని నిషేధించింది. చాలా మంచిపని చేసింది. నా గోస కర్ర పోయిందని కాదు. కర్రతో పాటు పంతులు ఇంటికి నడిచిపోవడం కూడా పోయింది. మాకు పిల్లవాడి ఇంటి పేరు తెలుసు, వాళ్ల నాయిన ఏ బాయికాడ ఉంటాడో తెలుసు, వాళ్లింట్లో ఎప్పుడు పొయ్యి వెలగలేదో తెలుసు. వాడు దుడుకు చేస్తే ఎందుకో సగం తెలిసే ఉండేది. మిగతా సగం కనుక్కోవడానికి సాయంత్రం ఉండేది. పెంకి, తుంటరి, మొండి, జిద్దు, ఆగడం అని మాకు మాటలు ఉండేవి. పెంకివాడు వేరు, మొండివాడు వేరు. పెంకివాడికి పని చెబితే చాలు, ఘంట కొట్టే పని ఇచ్చామంటే వాడంత బుద్ధిమంతుడు ఉండడు. మొండివాడి దగ్గర కూర్చోవాలి, ఓపిక పట్టాలి. మాట సరిగ్గా పెడితే మందు సరిగ్గా దొరికేది. అన్నింటికీ కలిపి ఒక్క ఇంగ్లీషు మాట పెట్టి ఫోనులో పంపితే ఏ మందు ఇస్తాం?

చెరువుల దగ్గర కూడా ఇదే చూశాను. కాకతీయుల కాలం నుంచి ఇది గొలుసుకట్టు చెరువుల సీమ. మా చిన్నప్పుడు నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంత తడి అందింది, కట్ట ఎక్కడ చెమ్మగిల్లింది, అన్నీ అతని కళ్లలో ఉండేవి. వానాకాలం రాత్రి కందిలి పట్టుకొని కట్ట మీద తిరిగేవాడు. మత్తడి దుంకుతుంటే ఊరంతా పండుగలాగా చూడబోయేవాళ్లం. గండి పడితే మాత్రం తెల్లవారి కచేరీ దగ్గర విచారణ. కట్ట మీద చెట్టు ఎవరు కొట్టారు, పూడిక ఎందుకు తీయలేదు, మత్తడికి అడ్డం మట్టి ఎవరు పోశారు? చెరువును తిట్టినవాడు లేడు. తర్వాత నీరట్లు పోయారు, శిఖం భూముల్లో ప్లాట్లు లేచాయి, కాలువలు పూడిపోయాయి. 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టి 46 వేల పైచిలుకు చెరువుల పూడిక తీస్తామన్నారు. తీసినకాడ నీళ్లు నిలిచాయి, నేను కళ్లారా చూశాను. కానీ పూడిక తీసే యంత్రం దొరుకుతుంది, రాత్రి కట్ట మీద తిరిగే మనిషి దొరకడు.

అయితే అన్నింటికీ మనిషిదే తప్పు అనడం కూడా అన్యాయమే. 2023 జులైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది, జనం ఇళ్ల కప్పుల మీద, చెట్ల మీద తెల్లవార్లు కూర్చున్నారు. ఆ వానలోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్లు కురిసింది. మా దగ్గర ఏడాదంతా కురిసే దాంట్లో సగానికి పైన. అంత వానను ఏ నీరటి ఆపుతాడు? అది ముకుతాడు వేయని పులి. దాన్ని అన్‌రూలీ అనరు. మన ఊరి చెరువు మత్తడికి అడ్డంగా ప్రహరీ కట్టి, నీళ్లు కాలనీలోకి వచ్చాక ‘అదుపు తప్పిన వరద’ అని టీవీలో అరుస్తారే, అక్కడే నాకు మండుతుంది. అదుపు తప్పింది అంటున్నావు సరే, అదుపు ఎవరిది? ఆ వాక్యంలో ఆ ఒక్కడి పేరే ఉండదు.

చేన్ల గట్ల మీద సర్కారు తుమ్మ చూడండి. అది మన చెట్టు కాదు, అమెరికా ఖండాల నుంచి తెచ్చి నాటించింది. పొయ్యిలోకి కట్టె దొరుకుతుందని తెచ్చారు, ఇవాళ చెరువు శిఖాలు, బీళ్లు, రైలు కట్టలు అన్నీ అదే. నరికితే మొదలు నుంచి నాలుగు కొమ్మలు లేస్తాయి. ఆ చెట్టుకు మా వాళ్లు పెట్టిన పేరు చూడండి, సర్కారు తుమ్మ! అదుపులేని చెట్టు అని, పిచ్చి చెట్టు అని పెట్టలేదు. తెచ్చి నాటినవాడి పేరు పెట్టారు. నిఘంటువు ఎన్నడూ తెరవని రైతులు పెట్టిన పేరు అది.

మర్నాడు పొద్దున మనవణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఏం చేశావురా అంటే చెప్పడు. వ్యాను వచ్చింది, పోయాడు. డైరీలో ఎర్రసిరా కింద నేను ఇంగ్లీషులోనే రెండు వాక్యాలు రాసి పంపించాను. ‘మీరు రాసిన మాటకు నాకు అర్థం తెలుసు. నా మనవడు ఏ పూట ఏం చేశాడో దయచేసి రాయండి.’ పేరు, కింద రిటైర్డు టీచరు అని రాశాను.

సాయంత్రం ఫోను వచ్చింది. క్లాసు టీచరు, ఆడపిల్ల, గొంతు చూస్తే పాతికేళ్లు కూడా ఉండవు. తప్పయిందేమో అని బెదిరినట్టు మాట్లాడింది. ‘సార్, మధ్యాహ్నం తిన్నంక రోజూ మూడుసార్లు మెట్లు దిగి కిందికి ఉరుకుతున్నడు సార్. ఆపితే ఆగడు. మిగతా పిల్లలు గూడ ఎంట పడుతున్నరు. మెట్ల మీద పడుతరని భయం సార్.’ తరగతిలో ఎంతమంది అని అడిగాను. నలభై ఎనిమిది. ఏ అంతస్తు? మూడో అంతస్తు. ఆడుకోవడానికి స్థలం? ‘లేదు సార్. కింద పార్కింగే.’ ఆ మాట అని ఆ పిల్ల కాసేపు ఊరుకుంది. నేను కూడా ఊరుకున్నాను.

‘మరి గది రాయకపోయినవా బిడ్డా డైరీల, తిన్నంక మెట్లు దిగి ఉరుకుతున్నడని’ అన్నాను. ‘మాకు గిట్లనే రాయమన్నరు సార్, ఇంగ్లీషుల, ఒక లైనే’ అంది. ‘రేపు రెండు లైన్లు రాయి, ఏమన్న అంటే నా పేరు చెప్పు’ అన్నాను. సరే సార్ అంది.

శుక్రవారం డైరీ వచ్చింది. ఈసారి నీలి సిరా. తిన్న తర్వాత కిందికి పరుగెత్తాడు, మూడుసార్లు, ఇవాళ రెండోసారి తను కూడా వెంట దిగి పార్కింగులో చెయ్యి పట్టుకొని రెండు చుట్లు తిప్పి తీసుకొచ్చానని, ఆ తర్వాత లెక్కలు కుదురుగా చేశాడని రాసింది. మా కోడలు చదివి, ‘ఇంట్లగూడ గంతే గద మామా, తిన్నడంటే వాకిట్ల ఉరకకుంటే వీనికి అరుగది’ అంది. వాడప్పటికే పళ్లెం ఎత్తి వాకిట్లోకి పోయాడు.